మెడ కింద ఖాళీ

దూదక్కకి అసలు పేరు ఒకటి ఉంది గానీ, దాంతో పిలిస్తే ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడదు. జుట్టులోనో కనుబొమల మీదో ఎప్పుడూ నలుసంత దూది అంటుకుని ఉంటుంది కాబట్టి వీధి వీధంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. ఆవిడ చేసేది దిండ్లు. పరుపులు కాదు, బొంతలు కాదు, దిండ్లు మాత్రమే. అదీ, వెళ్లి "ఒక దిండు ఇవ్వండి" అంటే ఇచ్చే రకం కాదు. "ఎవరికి?" అంటుంది. "ఇంట్లోకి" అంటే, "ఇల్లు పడుకోదు కదండీ, పడుకునే మనిషిని తీసుకురండి" అని మళ్లీ దబ్బనం అందుకుంటుంది. కొందరు ఒళ్లు మండి వెళ్లిపోయేవారు. మిగిలినవాళ్లు మనిషిని తీసుకొచ్చేవారు.

కొట్టు ముందుగదిలో కిటికీ పక్కన ఒక మంచం ఉండేది. దాని పేరు కొలత మంచం. వచ్చినవాళ్లని దానిమీద పక్కకి తిరిగి పడుకోబెట్టి, వాళ్లు మాటలు ఆపేదాకా తన పని తాను చేసుకునేది. మనిషి మాట్లాడుతున్నంతసేపూ మెడ నిజం చెప్పదని ఆవిడ నమ్మకం. కిటికీ తెర మెల్లగా ఊగి, వీధి చప్పుళ్లు దూరమైపోయి, మనిషి మాగన్నులోకి జారుతుండగా, మెడకీ పరుపుకీ మధ్య ఉన్న ఖాళీలోకి వేళ్లు పోనిచ్చేది. మూడు వేళ్లు, మూడున్నర, ఒక్కోసారి బెత్తెడు. ఆ ఖాళీ ఎంతో దిండు అంత. ఆవిడ విద్యంతా అదే.

ఇప్పుడా ముందుగది పోతోంది. ఇంటి యజమాని కూతురు అందులో కళ్లజోళ్ల దుకాణం పెట్టుకుంటుందట. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని మర్యాదగానే అడిగాడు. దూది ఏకడానికీ కుట్టడానికీ మేడమీద తమ వాటాలో ఎలాగో సందు చేసుకోవచ్చు. మంచానికి చోటు లేదు. ఉన్నా, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు మెట్లెక్కి వచ్చి పడకగదిలో పడుకుంటారా? పరుపుల ఫ్యాక్టరీవాళ్లు దిండు గలీబులు కుట్టే పని ఇస్తామన్నారు, ఈ నెలలోనే ఏ సంగతీ చెప్పమన్నారు. అక్కడ దిండ్లన్నీ ఒకటే ఎత్తు. ఆ మాట విన్న పూట దూదక్కకి ముద్ద దిగలేదు.

"కంప్యూటర్లో పెట్టరాదుటే? అందరూ అందులోనేగా కొంటున్నారు" అన్నాడు మొగుడు. ఆయన బస్సు డ్రైవరు. దిండూ పక్కా అక్కర్లేకుండా స్టీరింగు మీద తల వాల్చి గుర్రు పెట్టగలడు. బస్సు ఆగి ఉన్నప్పుడే లెండి. పెళ్లయిన దగ్గర్నించీ "దిండుకి కొలతేమిటే, చోద్యం కాకపోతే!" అంటున్న మనిషి ఇంత ఉపకారపు మాట చెప్పేసరికి దూదక్క ముక్కున వేలేసుకుంది.

అలా వచ్చింది, వెబ్‌సైట్లు తయారుచేసే డిజైనరమ్మాయి. భుజానికి సంచీ, మొహంలో నిద్రలేమి. కంప్యూటరు తియ్యకుండా నేలమీద పెద్ద కాగితం పరిచి గళ్లు గీసింది.

"ఇది మొదటి పేజీ అక్కా. ఇక్కణ్ణించి ఇటు వెళ్తే దిండ్లు, అటు వెళ్తే మీ గురించి."

దూదక్కకి అవి గదుల్లా కనిపించాయి. "లోపలికి రాగానే పలకరించేదెవరు?" అని అడిగింది. "కిటికీ ఏ గదిలో ఉంది?" అనీ అడిగింది. అమ్మాయి నవ్వలేదు. రెండు ప్రశ్నలూ కాగితం మూల రాసుకుంది.

ఆ మధ్యాహ్నం దూదక్క దూది మూటకి జారబడి కునుకు తీస్తే ఆ ఇల్లే కలలోకి వచ్చింది. తెల్లకాగితం గోడలు, పెన్సిలు గీతల తలుపులు. ఒక తలుపు తీస్తే ఇంకో తలుపు. ఎవరెవరో అడుగుల చప్పుడు లేకుండా తిరుగుతూ "మంచం ఎక్కడండీ?" అని అడుగుతున్నారు. ఆవిడ గదిగదికీ పరుగెడుతోంది. ఎక్కడా మంచం లేదు. మెలకువ వచ్చేసరికి గుప్పిట్లో ఇంత దూది నలిగి ఉంది.

ఆ భయంతోనే కాబోలు, అమ్మాయి మీద తన కోరికలన్నీ కుమ్మరించింది. మబ్బులు కదలాలి, దిండ్లు తేలుతూ రావాలి, వెనకాల జోలపాట వినబడాలి. అమ్మాయి వద్దని చెప్పి చూసింది. వినకపోతే చేసి తెచ్చింది. భోజనానికి వచ్చిన డ్రైవరుగారు ఫోను చేతిలోకి తీసుకుని, మబ్బులు ఒక చివర నుంచి ఇంకో చివరకి పోయేదాకా ఓపిగ్గా చూశాడు.

"బ్రహ్మాండంగా ఉందే. ఇంతకీ ఏం అమ్ముతున్నట్టు? వర్షమా?"

దూదక్క ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా, ఆయన అన్నది నిజమేనని తెలుసు.

మబ్బులు పోయాయి. అమ్మాయి ఈసారి శుభ్రమైన పేజీ తెచ్చింది. చిన్న దిండు, మధ్యరకం, పెద్దది. కావలసింది నొక్కితే చాలు. దూదక్క చూసి ఫోను మంచం మీద బోర్లించింది.

"దీనికైతే ఫ్యాక్టరీకే పోతానమ్మాయ్. అక్కడా ఇంతే."

"మీ వేళ్లు తీసుకెళ్లి ఫోన్లో పెట్టలేను కదక్కా!" అంది అమ్మాయి. గొంతు పెద్దదయింది. అన్నాక తనే చిన్నబోయి, మంచం అంచున కూలబడింది.

దూదక్క కాసేపు ఆమెని చూసింది. "పడుకో" అంది.

అమ్మాయి పడుకుంది. రంగుల గురించి, అక్షరాల గురించి, తనకి నిద్ర పట్టక ఎన్నాళ్లయిందో దాని గురించి మాట్లాడుతూనే ఉంది. మాటలు పలచబడ్డాయి. తెర ఊగింది. మాటలు ఆగిపోయాక దూదక్క మెడ కిందకి వేళ్లు పోనిచ్చింది. లేత మెడ, మూడు వేళ్లకి కాస్త ఎక్కువ.

అమ్మాయి కళ్లు తెరిచేసరికి ఎండ గోడ దిగి నేలమీదకి వచ్చింది. నిద్రమత్తులోనే అంది: "అక్కా, అవి మీ వేళ్లే కానక్కర్లేదు. ఎవరో ఒకరు పక్కన కూచుని, నేను మాట్లాడటం ఆపేదాకా ఆగితే చాలు."

దూదక్కకి చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ల విద్య, ఎవరి వేళ్లయినా సరిపోతాయా! కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. దూది ఏకుతున్నట్టు మొహం తిప్పుకుంది. అమ్మాయి మాత్రం కాగితం మీద గబగబా గీస్తోంది. కొలిచినవాళ్లు ఆ వేళ్లనే ఫోను అద్దం మీద పెడతారు, రెండు గీతలు అటూ ఇటూ వేళ్ల అంచుల దాకా జరుపుతారు. లావు వేళ్లయినా సన్న వేళ్లయినా లెక్క సరిగ్గా మీకు చేరుతుంది, అంది.

"మరి ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్లో?" దూదక్క మొహం తిప్పకుండానే అడిగింది.

"నాలాంటివాళ్లకి 'ఎవరూ లేరు' అని ఒక బటన్. నొక్కితే మీకు ఫోన్ వస్తుంది. మీరే వెళ్తారు."

దూదక్క ఏకిన దూదినే మళ్లీ ఏకింది. చివరికి, "చెయ్యి. కానీ ముందు పరీక్ష పెట్టాలి. ఈ సంగతి బొత్తిగా తెలియనివాళ్ల చేత కొలిపించాలి" అంది.

అలాంటివాళ్లని ఎక్కణ్ణించి తేవాలి అనుకుంటుండగా మేడమీద నుంచి గుర్రు వినబడింది. ఇద్దరూ తలెత్తి పైకప్పు వంక చూశారు.

పేజీ తయారైన రోజు డ్రైవరుగారిని కిందికి దింపారు. ఫోన్లో ఏమీ లేదు, పొద్దు వాలాక కిటికీ తెరకి వచ్చే రంగు తప్ప. దానిమీద ఒకే మాట: 'ఇంట్లో ఒకరిని పిలవండి.'

"ఎవరిని పడుకోబెట్టాలి?" అన్నాడాయన.

"అక్కనే."

ఆ మంచం మీద దూదక్క ఏనాడూ పడుకోలేదు. తన మెడ తను కొలుచుకోవడం కుదరదు. చెయ్యి లేపితే భుజం లేస్తుంది, భుజం లేస్తే ఖాళీ మారిపోతుంది. అందుకని ఏళ్లుగా మిగిలిన దూదీ పీలికలూ కుక్కిన సంచీ ఒకటి తల కింద పెట్టుకుని నెట్టుకొస్తోంది. ఈయన తప్పు చేస్తే బాగుండునని మనసులో ఒక మూల, తప్పు చేస్తే రేపు ఫ్యాక్టరీకి ఫోన్ చెయ్యాలి కదా అని ఇంకో మూల. అలా కొట్టుమిట్టాడుతూనే పక్కకి తిరిగి పడుకుంది.

ఫోను వెలుగు మెల్లగా తగ్గింది. ఆయన ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. తెల్లకాగితం ఇల్లు మళ్లీ వచ్చింది. తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. చివరి గదిలో కిటికీ, కిటికీ పక్కన మంచం. మంచం మీద ఉన్నది తనే. ఎవరిదో బండచెయ్యి, స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి, దూదిని ముట్టుకున్నంత భయంగా మెడ కిందకి వచ్చింది.

"ఇక్కడ ఇంత ఖాళీ ఉందేమిటే?" అన్నాడాయన, గుసగుసగా. కాసేపాగి, "ఇన్నాళ్లూ దీంతోటే పడుకుంటున్నావా?"

దూదక్క మూసిన కళ్లలోంచి నీళ్లు మంచం మీదకి జారిపోతుంటే జారనిచ్చింది. ఆయన నాలుగు వేళ్లూ అద్దం మీద ఆనించి, ఇంకొక్క పిసరు కావాలని బొటనవేలు కూడా చేర్చి, అమ్మాయి చెప్పినట్టు గీతలు జరిపాడు.

ఆ కొలతకే దిండు కుట్టింది. అంత ఎత్తు అక్కర్లేదని, ఒక గుప్పెడు దూది తీసేద్దామని మనసు పీకింది. తియ్యలేదు. మర్నాడు మధ్యాహ్నం తప్పు పట్టుకుందామనే కొలత మంచం మీద దిండు వేసుకుని తల ఆనించింది.

డ్రైవరుగారు భోజనానికి వచ్చేసరికి కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది. దూదక్క నోరు కొంచెం తెరుచుకుని, కనుబొమ మీద దూది నలుసుతో, ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. బల్లమీద ఫోను మోగుతోంది. ఆయన చప్పున అందుకుని వీధిలోకి నడిచాడు. ఫ్యాక్టరీవాళ్లు. ఆవిడతో మాట్లాడాలన్నారు, పనిలో చేరతారో లేదో ఇవాళే చెప్పాలన్నారు.

ఆయన వెనక్కి తిరిగి కిటికీలోంచి చూశాడు.

"పడుకుందండీ" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "లేదండీ, లేపను."