ఆ దేశం ఇంకా మనదేనా?

పింకీ చెయ్యి ప్రెస్సు కింద నలిగినప్పుడు సుగుణమ్మ పక్క బల్ల దగ్గరే ఉంది. కేక విని తిరిగి చూసేసరికి ఆ పిల్ల నేల మీద కూలబడి ఉంది. గ్లౌజులోంచి నెత్తురు కారుతోంది. లైను మాత్రం ఆగలేదు. సూపర్‌వైజర్ జైపాల్ పరుగెత్తుకొచ్చి, ముందు ప్రెస్సులో ఇరుక్కున్న రేకు తీశాడు, ఆ తర్వాత పింకీని చూశాడు.

"అంబులెన్స్ గింబులెన్స్ వద్దు. గేటు కాడ ఆటో ఉన్నది, ఎక్కియ్యండి. దవాఖానల ఇంటికాడ దెబ్బ తాకిందని చెప్పాలె. సమజయిందా?"

పింకీని ఆటో ఎక్కించారు, వేళ్లు మిగలలేదని తర్వాత దవాఖాన నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం కల్లా పింకీ జాగాలో మనోజ్ఞ అనే కొత్త పిల్లను నిలబెట్టారు. నెత్తురు తుడిచిన గుడ్డ ఇంకా ఆ బల్ల కిందే పడి ఉంది.

చందనవెల్లిలోని ఆ ఫ్యాక్టరీలో బ్యాటరీల పెట్టెలు తయారవుతాయి. పెట్టుబడిలో సగం హైదరాబాదు సేటుది, సగం చైనా కంపెనీది. చాకిరీ అంతా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లది. చెయ్యి లోపలుంటే ప్రెస్సు దిగకుండా ఆపే సెన్సర్ ఒకటి ప్రతి మిషన్‌కూ ఉండేది. అది ఉంటే పని నెమ్మదిస్తోందని కిందటి నెలే పీకేశారు.

ఈ పనిలో చేరిన రోజు సుగుణమ్మ లోలోపల గర్వపడింది. ఆ మాట ఎవరితోనూ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు గనక? ఆమె భర్త ప్రేమదాసు ఆదివారం చర్చికి వెళ్లేవాడు, మిగతా వారమంతా ఎర్రజెండా మోసేవాడు. పాస్టరుగారూ మందలించేవారు, పార్టీవాళ్లూ మందలించేవాళ్లు. ఆయన ఇద్దరికీ నవ్వే జవాబుగా ఇచ్చేవాడు. "ఆడ కూలోళ్లదే రాజ్యం సుగుణా. దొర లేడు, సేటు లేడు" అని చైనా దేశం గురించి తన మేనమామ ఊరి గురించి చెప్పినట్టు చెప్పేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయేముందు కూడా ఆ మాటలే. ఆ దేశపు కంపెనీ తమ ఊరి పక్కకే వచ్చిందంటే ఆయన ఎంత సంబరపడేవాడో అనుకుంది ఆమె.

మిషన్లు చూసుకోవడానికి ఆ దేశం నుంచి వచ్చిన లియు అనే సన్నటి మనిషి రోజూ మెట్ల మీద ఒక్కడే కూర్చుని అన్నం తింటాడు. పింకీకి దెబ్బ తగిలిన రోజు సుగుణమ్మ వెళ్లి అతని ముందు నిలబడింది. సెన్సర్ ఉండాల్సిన చోటు వేలుతో చూపించింది. అతను ఫోన్లో ఏదో మాట్లాడితే, ఆ ఫోను పుస్తకాల తెలుగులో పలికింది.

"తీయవద్దని నేను చెప్పాను. ఇద్దరు యజమానులూ వినలేదు."

"మీ దేశంల కూలోళ్లదే రాజ్యం గద? ఆడ గూడ గిట్లనే చేస్తరా?"

ఫోను ఆ ప్రశ్నను అతని భాషలోకి మార్చింది. లియు చుట్టూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మా ఫ్యాక్టరీ మీద ఎర్రజెండా ఎగురుతుంది. మా కార్మిక సంఘానికి అధ్యక్షుడు మా మేనేజరే. మా నాన్న పార్టీ సభ్యుడు. నేను సమ్మె చేస్తే ఆయన నాతో మాట్లాడడు."

వెంటనే ఆ మాటలన్నీ ఫోన్లోంచి చెరిపేశాడు. ఆమెకు ప్రేమదాసు రెండోసారి చనిపోయినట్టు అనిపించింది.

సాయంత్రం చేవెళ్ల బస్సెక్కి పార్టీ ఆఫీసుకు పోయింది. భర్తతో కలిసి జైలుకు పోయిన కృష్ణయ్య అక్కడ ఉన్నాడు. జరిగిందంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"లేబర్ ఆఫీసుల దరఖాస్తు పెడదాం చెల్లె. గేటు కాడ లొల్లి మాత్రం వద్దు. ఆ దేశాన్ని తిట్టేటోళ్లు శానా మంది ఉన్నరు. వాళ్ల చేతికి మనమే కట్టె ఇచ్చినట్టయితది."

"అన్నా, ఒక్క మాట అడుగుత. ఆ దేశం ఇంకా మనదేనా?"

"ముందు సంపద పెరగాలె. మార్కెట్‌ను వాళ్లు వాడుకుంటున్నరు. సమానత్వం తర్వాత వస్తది. దూరపు బాట అది."

"ఆ బాటల పింకీ వేళ్లు పోయినయ్. ఎవరి సంపద పెరిగిందన్నా?"

కృష్ణయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు గానీ ఆమె కళ్లలోకి చూడలేదు. ఆమె లేచి వచ్చేసింది.

మర్నాడు గేటు ముందు మొయినాబాద్ కుర్రాళ్లు కొందరు జెండాలు పట్టుకుని, చైనా అని రాసిన గడ్డిబొమ్మను కాలబెడుతూ "చైనా గో బ్యాక్" అని అరుస్తున్నారు. లియు కనబడగానే రాయి విసిరారు. ఒకడు సుగుణమ్మ మొహం ముందు ఫోను పెట్టాడు. "అమ్మా, చైనోళ్లు ఎట్ల సతాయిస్తున్నరో చెప్పు."

"దీంట్ల సగం పైసలు హైదరాబాద్ సేటువి. ఆయన బొమ్మ గూడ కాలవెడ్తరా? కాలవెడ్తమంటే చెప్త."

కుర్రాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. అటు పార్టీ లేదు, ఇటు వీళ్లు లేరు. ఇక మిగిలింది లైన్లో ఆడవాళ్లు. అన్నాల దగ్గర సుగుణమ్మ మాట తీసింది. సెన్సర్ పెట్టేదాకా ప్రెస్సు ముట్టొద్దంది.

"నీకేందక్కా, ఒక్కదానివి. మాకు పిల్లలున్నరు" అంది పెంటమ్మ.

సుగుణమ్మ డబ్బా మూత పెట్టుకుని దూరంగా పోయి కూర్చుంది.

గంట మోగింది. లైను మొదలైంది. ప్రెస్సు దగ్గర మనోజ్ఞ రేకు పట్టుకుని నిలబడింది. ఒక్కసారిగా రేకు కింద పడేసింది.

"నేను పెట్ట చెయ్యి. నాతోని కాదు."

"కాకపోతే బయటికి నడువు" అన్నాడు జైపాల్.

సుగుణమ్మ తన మిషన్ ఆపేసి వెళ్లి ఆ పిల్ల పక్కన నిలబడింది. ఇద్దరే. కాసేపు ఇద్దరే. తర్వాత పెంటమ్మ బల్ల దగ్గర చప్పుడు ఆగింది. ఆ వెనక ఇంకొకటి, ఇంకొకటి. షెడ్డు అంతా నిశ్శబ్దమైపోయింది.

"లియు! స్టార్ట్ చెయ్!" అని జైపాల్ అరిచాడు. లియు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

పోలీసులు వచ్చి సుగుణమ్మ ఒక్కదాన్నే జీపెక్కించారు. "పార్టీ మనిషి, ఈమెనే అందరినీ ఎగేస్తున్నది" అని జైపాల్ రాసిచ్చాడు. ఆ పార్టీ తనను వదిలేసిన సంగతి వాళ్లకు తెలియదని ఆమెకు నవ్వొచ్చింది. స్టేషన్ బెంచీ మీద పొద్దుగూకేదాకా కూర్చుంది. చివరికి కృష్ణయ్య జామీను కాయితాలతో వచ్చి పక్కన కూలబడ్డాడు.

"నిన్న నీకు జవాబు చెప్పలేకపోయిన" అన్నాడు.

"నాకు దొరికింది లే అన్నా. కూలోళ్ల రాజ్యమని పేరు పెట్టుకుంటే అయ్యేది గాదు అది. కూలోళ్లు మిషన్ ఆపితే ఎవరి మీదికి పోలీసులొస్తరో చూడాలె. ఆడనైనా, ఈడనైనా."

తెల్లారి ఆమె ఫ్యాక్టరీకి పోయింది. రాత్రికి రాత్రే సెన్సర్లన్నీ బిగించారని, లియును పొద్దున్నే విమానాశ్రయానికి తోలుకుపోయారని గేటు కాపలాదారు చెప్పాడు. ఆమెను మాత్రం లోపలికి రానివ్వలేదు.

"నీ పేరు తీసేసిన్రమ్మా. నేనేం జెయ్యాలె?"

సుగుణమ్మ కంచె అవతల ఒక్కతే నిలబడింది. లియు ఇంటికి చేరాక తండ్రి తలుపు తీస్తాడా అనుకుంది. ఎండ ఎక్కుతోంది. షెడ్డులోంచి ప్రెస్సుల చప్పుడు వస్తోంది. సెన్సర్ ఉన్న మిషన్లు, నెమ్మదిగా నడుస్తున్నాయి. గెలిచింది. అయినా ఆ గెలుపు చూడడానికి పక్కన ఒక్క మనిషి లేడు. వెనక్కి తిరిగి బస్సు వైపు నడవబోయింది.

లోపల ఒక మిషన్ ఆగింది. ఆమె ఆగింది. ఇంకొకటి ఆగింది. చప్పుడు పలచబడి, పలచబడి, పూర్తిగా పోయింది. షెడ్డు తలుపు తెరుచుకుంది. ముందు పెంటమ్మ వచ్చింది, వెనకే లైను లైనంతా వచ్చింది.

"ఆమెను లోపలికి తోలు" అంది పెంటమ్మ కాపలాదారుతో. "లేకుంటే మమ్మల్నందర్ని బయటికి తోలు."