దారం పెట్టుకునే డబ్బా

నేను ఒక రీలుని. సినిమా రీలునీ కాదు, కుట్టుమిషను రీలునీ కాదు. చేపలు పట్టే గెడకర్ర అడుగున బిగించే అల్యూమినియం చక్రాన్ని. అరచేతిలో పడతాను. నా కడుపులో పసుపుపచ్చ దారం చుట్టి ఉంటుంది. దారం చివర గేలం. ఆ గేలానికి ఎర గుచ్చరు. ఈకముక్క కట్టి, పురుగులా నీటిమీద ఆడిస్తారు. నాకు మాటలు తక్కువ. తిప్పితే కిర్రుమంటాను, అంతే. ఆ రోజు జరిగింది కడుపులో దాచుకోలేక ఈ నాలుగు ముక్కలూ చెబుతున్నాను. ఆరేళ్ళయింది. నాకింకా దిమ్మ తిరుగుతూనే ఉంది.

లేతు మిషను మీద పుట్టాను. మొదట కొన్నాయన షాపులో నన్ను చెవి దగ్గర పెట్టుకుని నలభైసార్లు తిప్పాడు. చప్పుడు బాగుందని కొన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి అద్దాల బీరువాలో పెట్టాడు. పదకొండేళ్ళు నాకు తడి తగల్లేదు. వచ్చినవాళ్ళకు నన్ను చూపించి, రెండు చేతులూ చాపి, పట్టని చేప పొడుగు చెప్పేవాడు. నేను సాక్షిని. నోరు మెదపలేదు.

ఆయన పోయాక సోమయాజులుగారి దగ్గరికి వచ్చాను. ఆయన భూగర్భ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉత్తరాదిన మంచుకొండల్లో, కులూ పక్క లోయలో ఏటి ఒడ్డున ఆరు గదుల బస నడుపుతున్నారు. ఆ ఏట్లో ట్రౌట్ అని చన్నీళ్ళ చేప ఉంటుంది. ఒంటినిండా ఎర్రచుక్కలు. దాన్ని పట్టడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. సోమయాజులుగారు పుట్టి బుద్ధెరిగి చేప తిన్నవారు కాదు. అయినా రోజూ పడతారు. పట్టి, గేలం ఊడదీసి, నీళ్ళలో వదిలేస్తారు. ఒడ్డున పెట్టెలో ఉన్న నాకు ఆ వదలడం ఒక్కటే కనబడేది. మొదటిసారి చూసి, చెయ్యి జారింది పాపం అనుకున్నాను. రెండోసారీ జారింది. మూడోసారికి నాకు మతి పోయింది. అది జారడం కాదు, అక్కడి నియమం.

ఆరేళ్ళ కిందట, ఎండాకాలం మొదట్లో, భీమిలి నుంచి ఇద్దరు దిగారు. మైలపల్లి ఎల్లాజీ, అతని పెళ్ళాం కాసులమ్మ. ఆమె తమ్ముడు బసలో వంటవాడు. అతనే కబురు పెట్టాడు, వచ్చినవాళ్ళకు చేపలు పట్టించే మనిషి కావాలని. ఎల్లాజీ నలభయ్యేళ్ళు సముద్రం మీద బతికినవాడు. అంతకు ముందటేడు పడవ బోల్తాపడి, సొంత అన్న కళ్ళముందే మునిగిపోయాడు. అప్పటినుంచి అల చప్పుడు వింటే ఎల్లాజీకి కాళ్ళు వణుకుతాయి. ఈ పని దొరికితే కొండమీద ఉంటాడు. దొరక్కపోతే మళ్ళీ ఎవరి పడవో ఎక్కాల్సిందే. వేరే పని చేతకాదు.

సోమయాజులుగారు నియమం ముందే చెప్పారు. “మూడు రోజులు నేర్చుకో. మూడోనాడు నా ఎదుట ఒక చేపని పట్టి, ప్రాణంతో వదలాలి. వదలడం ముఖ్యం.”

ఎల్లాజీ తలూపాడు. కాసులమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

“ఓలమ్మ! పట్టీసి వదిలీడమేటి బావూ?”

“ఆటమ్మా. దానికీ నాకూ.”

“ఆటని దానికి తెలుసేటి?”

సోమయాజులుగారు రీళ్ళ పెట్టె తెరిచారు. కొత్తగా నేర్చుకునేవాడికి ఏ రీలు పెట్టాలో ఆయన పుస్తకాలు చదివి తెలుసుకున్న మనిషి. ఎల్లాజీనే ఎంచుకోమన్నారు, చూద్దామని. పెట్టెలో మేం ఇద్దరం. నా పక్కన ఉన్నది నాకు రెండింతలు. నల్లగా నిగనిగలాడుతుంది. దానికి బ్రేకు కూడా ఉంది. ఎల్లాజీ చెయ్యి సూటిగా దాని మీదికే పోయింది. నాకది కొత్త కాదు. అందరూ దాన్నే తీస్తారు.

“ఆగు మావా,” అంది కాసులమ్మ.

ఆమె ముప్పయ్యేళ్ళు తక్కెడ పట్టి చేపలమ్మిన మనిషి. పెద్ద రీలుని కర్రకి బిగించి, ఆ కర్రని పిడి దగ్గర ఒక్క వేలిమీద నిలబెట్టింది. అడుగు కిందికి దిగిపోయింది.

“దీనికి ముడ్డి బరువు. సాయంత్రానికి నీ మణికట్టు ఊడిపోద్ది.”

దాన్ని తీయించి నన్ను బిగించమంది. మళ్ళీ వేలిమీద పెట్టింది. కర్ర తక్కెడ దండెలా తిన్నగా నిలబడింది. సోమయాజులుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇది తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది,” అన్నారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. నన్ను ఇంతవరకూ ఎవరూ తూచి ఎంచుకోలేదు.

మొదటిరోజు ఎల్లాజీ వల విసిరినట్టు భుజమంతా తిప్పి విసిరాడు. గేలం పొదకి తగిలింది, తన తలపాగాకి తగిలింది, ఒకసారి సోమయాజులుగారి చొక్కాకి తగిలింది. “ఇంకా నయం, బావుగారిని కూడా వదిలీయాలి,” అంది ఒడ్డున కూర్చున్న కాసులమ్మ. రెండోరోజుకి మణికట్టు కుదిరింది. దారం గాల్లో సాగి మెత్తగా వాలింది.

మూడోనాడు పొద్దున్న ఎంతసేపు విసిరినా లాభం లేకపోయింది. చేపలు నీటి అడుగున మెసులుతున్నాయి, పైకి రావు. ఎప్పటికో ఒకటి ఎగిరి అందుకుంది. దారం బిగిసింది. నేను సిద్ధమయ్యాను. నేను పుట్టిందే ఈ క్షణానికి కదా! ఇప్పుడు నా పిడి పట్టుకుంటాడు, గిరగిరా తిప్పుతాడు, లోయంతా నా కిర్రు వినబడుతుంది.

ఎల్లాజీ నా వంక చూడనైనా లేదు. కర్ర ఒక చేత్తో ఎత్తి పట్టి, రెండో చేత్తో దారం మూరమూర చొప్పున లాగేస్తున్నాడు, సముద్రంలో గేలపుతాడు లాగినట్టే. దారం కాళ్ళదగ్గర చుట్టలుగా పడుతోంది. ఇతనికి బుద్ధి చెప్పండి స్వామీ అని నేను సోమయాజులుగారి వైపు చూశాను.

“భేష్! అంతే, చేత్తోనే లాగాలి,” అన్నారాయన. “ఏటి చేపకి రీలెందుకయ్యా? ఉత్త దారం పెట్టుకునే డబ్బా.”

డబ్బా! నా ఒంట్లో మరలన్నీ ఒక్కసారి వదులైపోయినట్టయింది. ఆ దెబ్బనుంచి తేరుకునేలోపే రెండోది తగిలింది.

చేప చేతికి వచ్చింది. సోమయాజులుగారు “ఇక మెల్లగా...” అంటున్నారు. ఎల్లాజీ బొటనవేలు మొప్పలోకి దూరింది. చెయ్యి లేచింది. పక్కనున్న రాతిమీద చేప తల ఠప్పుమంది.

ఎల్లాజీ తన చెయ్యి తనే చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు.

“నేను కాదు బావూ... సెయ్యి. ఇనలేదు.”

సోమయాజులుగారి మొహం పాలిపోయింది. “రేపు పొద్దున్న బస్సుంది ఎల్లాజీ,” అన్నారు. “నన్ను మన్నించు.”

ఎల్లాజీ మోకాళ్ళు వణకడం మొదలెట్టాయి. అక్కడ అల లేదు, అయినా వణికాయి.

కాసులమ్మ ఏడవలేదు. లేచి వచ్చి, చచ్చిన చేపని తీసుకుని, బొడ్డున దోపుకున్న చిన్న కత్తితో ఒక్క గీటు గీసింది. సోమయాజులుగారు మొహం తిప్పుకున్నారు.

“ఇటు సూడండి బావూ. సేప కడుపు అబద్దం ఆడదు.”

ఆకుమీద పేగు విప్పి పెట్టింది. లోపల ఇసుక గుల్లల్లో నల్లటి పురుగులు, రాళ్ళకింద ఉండేవి. పైన ఎగిరే పురుగు ఒక్కటీ లేదు.

“సేపలు అడుగున ఇయి తింతంటే, మీరు పైన ఎర్రి ఈకలు ఆడిత్తన్నారు. ఎన్నాళ్ళ నుంచండీ?”

“పన్నెండేళ్ళు,” అన్నారు సోమయాజులుగారు. పుట్టు శాకాహారి, చేప పేగుమీదికి వంగి కూర్చున్నారు. ఆ దృశ్యం చూసి నేను కొయ్యబారిపోయాను.

ఆమె కొప్పులోంచి నాలుగు వెంట్రుకలు పీకి, గేలానికి బిర్రుగా చుట్టి, నల్లటి పురుగుని చేసింది. కర్ర అందుకుంది. రెండు రోజులు ఒడ్డున కూర్చుని చూసిన చూపు ఊరికే పోలేదు. దారం వంకరగానే పడింది గాని, గేలం అడుగుకి దిగింది. ఎంతోసేపు పట్టలేదు. దారం బిగిసింది. ఆమె కూడా చేత్తోనే లాగింది. నేనేమీ ఆశపడలేదు.

చేప మొదటిదానికంటే పెద్దది. గేలం ఊడదీసింది. రెండు చేతులా నీళ్ళలో పట్టుకుంది. ఆమె వేళ్ళు బిగుసుకోవడం నేను చూశాను. పక్కనే రాయి. ముప్పయ్యేళ్ళ అలవాటు.

ఆమె తలెత్తి మొగుడి మోకాళ్ళ వంక చూసింది. తరవాత చేపతో, మనిషితో మాట్లాడినట్టు అంది:

“ఎల్లిపో. నువ్వు ఏట్లోకి ఎల్తే, మావోడు సముద్రానికెల్లడు.”

వేళ్ళు తెరిచింది. చేప ఒక్క క్షణం అక్కడే ఆగింది, నమ్మలేనట్టు. తోక విదిలించి పోయింది.

పని ఆమెకే ఇచ్చారు. ఆరేళ్ళుగా ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, చీర ఎగదోపిన ఆ మనిషి వెనక ఏట్లో నడుస్తున్నారు. ఇప్పటికీ ఆమె బసకి వచ్చి తమ్ముడితో, “ఇయ్యాల ఏడు కూరలు నీల్లపాలు సేసాను,” అని వాపోతుంది. ఎల్లాజీ కర్రలు మోస్తాడు. చేప వదిలేటప్పుడు మాత్రం అటు తిరిగి నిలబడతాడు.

పొద్దువాలే వేళకి ఏటి ఒడ్డున కూర్చుని, కింద పడ్డ దారమంతా మళ్ళీ నాలో చుట్టేది అతనే. రోజు మొత్తంలో నా పిడి తిరిగేది అప్పుడే. మెల్లగా, చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతాడు. ఆ చప్పుడులో అల లేదట. నేను డబ్బానే. కిర్రుమంటాను.