చొక్కా అంచు

కుట్టుమిషను వాగులో ఉంది. వాగులో నీళ్ళు లేవు, తెల్లటి ఇసుకలో మిషను కాళ్ళు నాలుగూ కాస్త కూరుకుపోయి ఉన్నాయి, పైన దుకాణం రేకులు ఉన్నాయి గానీ గోడలు లేవు, గోడలు ఉండాల్సిన చోట నల్లమల చెట్లు నిలబడి ఉన్నాయి, అయినా సుంకన్నకు ఇదేమీ వింతగా లేదు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే కూర్చుని ఊరందరి బట్టలూ కుడుతున్నట్టు అతని కాలు పెడల్ తొక్కుతూనే ఉంది. సూది కింద నీలం గళ్ళ బట్ట కదులుతోంది. ఎంతసేపు కుట్టినా దాని అంచు మాత్రం రావడం లేదు.

"ఏం సుంకా, తలెత్తవా?"

గొంతు వినగానే మద్దిలేటి బావ అని తెలిసిపోతుంది. అక్క ఈరమ్మ మొగుడు. ఆయన పోయి పదకొండు నెలలయిందని సుంకన్నకు తెలుసు, తెలిసినా భయం వేయదు, ఇంత ఆలస్యంగానా రావడం అన్న విసుగు మాత్రం వస్తుంది, ఆ విసుగు వెనకే ఏడుపు కూడా వస్తుంది, దాన్ని మింగి సూది వైపే చూస్తాడు. మొండితనంలో సుంకన్నను కొట్టేవాడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేడు, కలలో కూడా లేడు.

"తలెత్తితే నాకేమిస్తావు?" అంటాడు.

"నా మొగం జూపిస్తా. అంతకంటే ఏం కావల్ల నీకు?"

అప్పుడు తలెత్తుతాడు. గిరాకీలు కూర్చునే బల్ల మీద బావ ఒక కాలు పైకి మడిచి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, చెవి మీద బీడీ ఉంది, ఒకసారి చూస్తే పెండ్లిపీటల మీది బావలాగా నల్లటి మీసంతో ఉన్నాడు, ఇంకోసారి చూస్తే మీసం నెరిసి ఉంది. ఆయన పాదాల దగ్గర ఇసుకలో కుక్క పడుకుని ఉంది. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు, ఎర్రటి ఒళ్ళు, అడవిపందిని నిలబెట్టే రకం. మెడకు బెల్టు లేదు. వేటకు పోయే కుక్కకు బెల్టు కడితే పొదల్లో తగులుకుని ఉరి పడుతుందని బావే ఒకప్పుడు చెప్పాడు.

"అంగడి మంచి తావుకు మారిస్తివే. గాలి బాగొస్తాంది," అంటాడు బావ.

"ఊర్లో ఉంటే నువ్వు రావు గదా."

"నేను రాలేదా? ప్రతి సంతకూ వస్తాంటి గదరా."

అది నిజమే, సుంకన్నకు తెలుసు, కానీ తెలిసింది ఆలస్యంగా. ఇద్దరి మధ్యా చివరి ఎనిమిది నెలలూ మాటల్లేవు. పందులు వేరుశెనగ తవ్విపోస్తున్నాయని బావ అడవి అంచున కాపలా మొదలుపెట్టి, కాపలా కాస్తా వేట అయి, ఒకసారి కాలు విరగ్గొట్టుకుని వచ్చినప్పుడు, అక్క ఏడుస్తూ తమ్ముడి దగ్గరికి వచ్చింది. సుంకన్నకు కోపం వస్తే నోటికి హద్దుండదు. సంతరోజు, దుకాణం ముందర పదిమందిలో, "ఆ అడివిలోనే పడి సావు, వచ్చి పిలిచినా నేను రాను, నా గడప తొక్కొద్దు" అన్నాడు. బావ ఒక్క మాట తిరిగి అనలేదు. గడప తొక్కలేదు కూడా. కానీ ప్రతి సంతకూ, ఎదురుగా సంతరోజు మాత్రమే తెరిచే కాశమ్మ టీ అంగడిలో కూర్చుని, ఒక టీని గంటసేపు తాగి, దుకాణం వైపు చూసి చూసి వెళ్ళేవాడు. ఆ మనిషి అక్కడున్నాడని సుంకన్నకు తెలుసు. తెలుసు గనకే తల ఎత్తేవాడు కాదు. తల ఎత్తలేదు గనక ఆ మనిషి కాళ్ళ దగ్గర, ఎవరో వేటగాళ్ళు వదిలేసిపోతే ఆయన చేరదీసిన ఎర్ర కుక్క ఒకటి పడుకుని ఉంటుందన్న సంగతి చూడలేదు. ఈ కుక్క గురించి అంతా ఆయన పోయాక కాశమ్మ చెప్పింది.

"అప్పుడు నువ్వే లోపలికి వచ్చుంటే?" అంటాడు సుంకన్న, నిష్ఠూరంగా.

"గడప తొక్కొద్దంటివి."

"కోపంలో అంటి. నువ్వు ఇంట్లో పెద్దోనివి. బావమరిది అన్న మాటకు అంత పట్టింపేంది?"

"నువ్వు పిలుస్తావని చూస్తాంటి. టీ బాగుండ్లా అక్కడ, నీళ్ళ టీ," అని నవ్వుతాడు బావ.

ఆ నవ్వుకు కుక్క లేస్తుంది, లేవగానే దాని మెడలో తాడు కనిపిస్తుంది, ఇంతవరకూ లేని తాడు, రెండో కొస మిషను కాలికి కట్టి ఉంది, సుంకన్న పెడల్ తొక్కినకొద్దీ తాడు చక్రానికి చుట్టుకుని పొట్టిదవుతోంది, కుక్క కొండ వైపు మెడ సాచి మూలుగుతోంది, ఆ మూలుగూ మిషను చప్పుడూ ఒకటే అయిపోతున్నాయి. కాలు ఆపాలని చూస్తాడు. కాలు ఆగదు.

పదకొండు నెలల కింద, బావ అడవిలో ఉన్నప్పటి శుక్రవారం అది. పొద్దు నడినెత్తికి వచ్చే వేళ ఈ కుక్క దుకాణం ముందు కూలబడింది, పొట్ట పంది కోరకు చీలి ఉంది, ఒంటికి రక్తంతో తడిసి గట్టిపడిన గుడ్డ పేలిక ఒకటి చుట్టి ఉంది. సుంకన్నకు నోరెంత చెడ్డదో మనసు అంత మెత్తన. కత్తెరతో ఆ గుడ్డను ముడి పక్కన కత్తిరించి, చూడకుండా గుడ్డముక్కల బుట్టలో పడేశాడు, గాయాన్ని ఉప్పునీళ్ళతో కడిగాడు, సూది వేడినీళ్ళలో కాచి తొమ్మిది టాకాలు వేశాడు. కుక్క అతని చేతిని కరవలేదు. కుట్టు అయిపోగానే తూలుకుంటూ లేచి కొండ వైపు నడవబోయింది. దాన్ని దొడ్లో గుంజకు కట్టేశాడు. దుకాణం వెనకే పెండ్లాం పోయాక ఒక్కడే ఉంటున్న ఇల్లు, దాని వెనకంతా చేలు, అది అరిచినా వినేవాళ్ళు లేరు. శుక్రవారం అరిచింది, శనివారం గొంతు పోయేదాకా అరిచింది. అతను దాని పక్కన కూర్చుని, పాలు పట్టి, తల నిమిరి, "సావకే తల్లీ, కుట్లు తెగుతాయి" అని బతిమాలాడు.

"మూడు దినాలు కట్టెయ్యమని నువ్వే గదా చెప్తివి బావా," అంటాడు సుంకన్న, పెడల్ చప్పుడు మీద అరుస్తూ. "కుట్టిన కుక్క అడివికి పోవల్లని జూస్తాది, పోనిస్తే కుట్లు తెంపుకుంటాది, ఎంత అరిచినా ఇనొద్దు అని నువ్వే గదా..."

"చెప్తి. ఎప్పుడో పెండ్లయిన కొత్తల్లో చెప్తి," అంటాడు బావ. "నా మాట నువ్వు ఇన్నది ఆ ఒక్కసారే గదరా."

ఆయన ఎగతాళిగానే అన్నాడు, ఎప్పుడూ అనేటట్టే. బల్ల మీద బావ ఉన్నాడా లేడా అని సుంకన్న చూస్తాడు. ఉన్నాడు, కానీ బల్ల దూరం జరిగింది, మధ్యలో ఇసుక పెరిగింది.

"శనివారం తెల్లారేదాకా నువ్వు ప్రాణంతో ఉంటివంట గదా బావా. డాక్టరు చెప్పినాడు. సోమవారం మేకలోళ్ళు జూసేదాకా ఎవురికీ తెలీదు. అక్కేమో బిడ్డ కాన్పుకని పోయింటే, నువ్వు యాడుండావని అడిగేదానికి గూడ ఇంట్లో మనిషి లేదు. నేను ఆ తాడు ఇప్పి దాని ఎనకాల నడిచింటే... రెండు గంటలు, అంతే గదా దూరం..."

"రెండు గంటలు గాదు. నీ నడకకు మూడు."

"తప్పు నాదే."

"ఇప్పుడు నేనేం చెయ్యల్ల? నీ తప్పు లేదు అనల్లనా? అనమంటే అంటా. నువ్వు నమ్ముతావా?"

సుంకన్న చాలాసేపు ఆలోచిస్తాడు, కలలో ఆలోచన కూడా ఇసుకలో నడకలాగా సాగదు. "నమ్మను," అంటాడు.

"మరి ఏంటికిరా నా నోట అనిపిస్తావు? ఆ పని ఇడిసిపెట్టి ఇది జూడు," అని బావ లేచి నిలబడతాడు. ఒంటి మీద నీలం గళ్ళ చొక్కా, ఉగాదికి సుంకన్నే కుట్టిన చొక్కా, మాటలు పోవడానికి ముందు కుట్టిన ఆఖరిది. ముందు భాగం కింద జానెడు వెడల్పున చినిగిపోయి పొట్ట కనబడుతోంది. "అంచు తక్కువైంది. కుట్టియ్యి. ఇట్ల తిరగాలంటే సిగ్గుగా ఉంది."

"ఆ రంగు గుడ్డ దొరకదు బావా," అంటాడు సుంకన్న గబగబా.

"సొరుగులో ఉంది గదా."

సుంకన్న చెయ్యి సొరుగు మీదికి పోతుంది. మిషను సొరుగులో, బాబిన్ల వెనక, తర్వాత బుట్టలోంచి వెతికి తీసి మడిచిపెట్టిన, కుక్క ఒంటికి చుట్టి వచ్చిన ఆ పేలిక ఉంది. సోమవారం బావను మంచం మీద మోసుకొచ్చినప్పుడు పంది చీల్చిన తొడకు ఆయన తువ్వాల కట్టి ఉంది, చొక్కాకు అంచు లేదు. అందరూ బావ ముఖం చూసి ఏడుస్తుంటే, సుంకన్న చొక్కా చూసి కూలబడ్డాడు. తువ్వాల తన గాయానికి కట్టుకుని, కుక్క పొట్టకు చొక్కా చింపి కట్టి, పో అని పంపించాడు ఆ మనిషి. ఆ గుడ్డ తన చేతుల్లోకి వచ్చింది. తను కత్తిరించి, తను కుట్టి, తను ఇస్త్రీ చేసి ఇచ్చిన గుడ్డను, ఊళ్ళో ఎవరి చొక్కా ఎవరిదో వెనకనుంచి చూసి చెప్పగల దర్జీ, చూడకుండా బుట్టలో పడేశాడు.

"మీ అక్కకు ఏమని చెప్తివి?" అంటాడు బావ, ఈసారి నవ్వకుండా.

"ఆదివారం సాయంత్రం వచ్చిందని చెప్తి, కుక్క."

"నమ్మెనా?"

"నమ్మింది. నువ్వు ఇడిసిపోయిన ప్రాణాన్ని నేను కాపాడినానంట. దినామూ సంగటి తెచ్చి దానికి పెట్టి, నాకు చేతులెత్తి మొక్కుతాది బావా. ఆ మొక్కు నాకు ఉరితాడయింది. శుక్రవారం అని చెప్తే ఆయమ్మ మళ్ళా నా మొగం జూడదు. ఉండేది ఒక్క అక్క."

"చూడకపోవచ్చు," అంటాడు బావ. "కానీ నేను ఆఖరికి ఏం చేసినానో ఆమెకు తెల్దు గదరా. ముండ్లలో పడి, దిక్కులేక, ఊరికే పోయినానని అనుకొంటాంది. అది మాత్రం బాగలేదు."

సుంకన్న సొరుగు లాగుతాడు. లోపల ఇసుక. రెండు చేతులతో తోడిపోస్తాడు, తోడినకొద్దీ ఇసుక ఊరుతుంది, అంతలో బావ వాగులో పైకి నడవడం మొదలుపెడతాడు, తొందర లేకుండా, ఒక కాలు కొంచెం ఈడుస్తూ, కుక్క ఆయన వెనకే వెళ్తోంది, దాని మెడలో తాడు ఇప్పుడు కొలతల టేపు అయింది, అంకెలు సుంకన్న వేళ్ళ మధ్య నుంచి జారిపోతూనే ఉన్నాయి, అరవై, తొంభై, నూట యాభై, టేపు అయిపోవాల్సిన చోట అయిపోవడం లేదు.

"బావా, ఆగు! నేనొస్తా!" అని అరుస్తాడు. ఎనిమిది నెలలూ, ఆ తర్వాత పదకొండు నెలలూ గొంతులో ఉండిపోయిన మాట.

బావ వెనక్కి తిరగడు. "ఇప్పుడు వద్దులేరా," అంటాడు. "మీ అక్క వస్తాంది, లెయ్యి."

మెలకువ వచ్చింది. ఎండ గడప దాకా వచ్చి ఉంది. సుంకన్న చెంప మిషను బల్లకు ఆని చెమటతో అంటుకుపోయింది, కాలు పెడల్ మీదే ఉంది. భోజనం చేసి, చొక్కాలకు గుండీల కాజాలు కుడదామని కూర్చుని, అలాగే నిద్రపోయాడు. కుక్క ఎప్పుడూ పడుకునే చోటే, వెనక గుమ్మం అవతల పడుకుని ఉంది. సోమవారం తాడు విప్పాక మళ్ళీ ఎన్నడూ దాన్ని కట్టలేదు, అయినా అది గుంజ నుంచి ఆ తాడు పొడుగు దాటి ఎటూ వెళ్ళదు.

ఈరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో సంగటి గిన్నె, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు. కుక్కకు సంగటి పెట్టి, దాని పొట్ట మీద తొమ్మిది టాకాల గీతను వేలితో రాసి, "నువ్వు లేకుంటే ఇది గూడ దక్కేది గాదురా తమ్ముడా," అంది, రోజూ అనేటట్టే. తర్వాత కవరు బల్ల మీద పెట్టింది.

"పొద్దున చెప్తి గదా, ఒక పనుందని. వచ్చే నెల్లో సంవత్సరీకం. ఇది మీ బావ ఫోటో ముందర పెట్టుకుంటా. కింద అంచు లేదు. పంది చింపిందో, ముండ్ల కంపకు పట్టుకునెనో. ఇట్ల పెట్టాలంటే మనసొప్పలేదు, ఏదన్నా గుడ్డ అతికియ్యి. ఈ రంగుది దొరుకుతాదా?"

ఉతికి మడతపెట్టిన నీలం గళ్ళ చొక్కా. సుంకన్న తలెత్తి చూశాడు. గిరాకీలు కూర్చునే బల్ల ఖాళీగా ఉంది.

"దొరుకుతాది," అన్నాడు.

సొరుగు లాగాడు. బాబిన్లు పక్కకు జరిపి, పేలికను తీసి, మడత విప్పి, చొక్కా కింద పరిచాడు. రక్తం నల్లబడి ఉంది గానీ గడికి గడి సరిగ్గా కలిసింది. ముడి అలాగే ఉంది. ఈరమ్మ ముందు చొక్కాను చూసింది, తర్వాత పేలికను, తర్వాత ముడిని. ఇరవై ఆరేళ్ళు సద్దిమూట కట్టి ఇచ్చిన మనిషి, ఆ మూటగుడ్డను సాయంత్రం మొగుడు ఎలా ముడివేసి తిరిగి తెచ్చేవాడో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. వేలు దాని మీద పెట్టింది.

"ఇది మీ బావ కట్టినదే గదరా," అంది మెల్లగా. "నీ కాడికి ఎట్ల వచ్చె?"

సుంకన్న లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది.

"అక్కా, కుక్క ఒంటికి కట్టి పంపించినాడు," అన్నాడు. "అది ఆదివారం రాలేదు. శుక్రవారం వచ్చింది."

ఈరమ్మ ముడి మీది నుంచి వేలు తీయలేదు.