కొమ్ముకు మొలిచిన తోక

బ్యాటరీలు మూడింటినీ గ్యాలరీ చెక్క మీద ఎండ పడే చోట వరసగా పెట్టి, బసవమ్మ వాటికి కాపలా కూర్చుంది. నీరసించిన బ్యాటరీకి ఓ గంట ఎండ తగిలితే మళ్లీ ప్రాణం లేచొస్తుందని ఆమె నమ్మకం. కొత్తవి తెప్పించుకోవచ్చుగా అని ఎవరైనా అంటే, "వీటికింకా ఊపిరుందిగా" అంటుంది. ఆమె గురించి ఎవరూ అడగలేదు గానీ, అడిగినా ఇదే జవాబు వచ్చేది.

చంద్రోదయ సర్కస్ తెనాలిలో డేరా వేసి పద్దెనిమిది రోజులైంది. ఇంకో మూడు రోజులాడి రేపల్లె వెళ్లాలి. డేరా గుడ్డకు పైన చిరుగు పడ్డ చోటు నుంచి చారెడు ఎండ లోపలికి దిగుతుంది. ఆ ఎండ ఏ వేళకు ఏ మెట్టు మీదికి జరుగుతుందో బసవమ్మకు తెలిసినంతగా ఆ గుడ్డ కుట్టినవాడికి కూడా తెలియదు.

అరవై రెండేళ్ల పొట్టి మనిషి. ముదురాకుపచ్చ నేతచీర చీలమండల పైకి ఎత్తి కడుతుంది. కాళ్లకు నీలం పట్టీల హవాయి చెప్పులు. టార్చి మీట నొక్కి నొక్కి కుడి బొటనవేలి మీద బఠాణీ గింజంత కాయ కాసింది. ముప్ఫై నాలుగేళ్లుగా సర్కస్‌లో ఉన్నా ఆమెకు ఏ ఆటా రాదు. తీగ మీద అడుగు వేయలేదు, మొహానికి రంగు పూసుకోలేదు. ఆమె మొగుడు పున్నారావు ఊయలల తాళ్లు కట్టేవాడు. రేపల్లె దగ్గరి నగరం అనే ఊరి నుంచి అతని వెంట వచ్చింది, అతను పోయాక వెనక్కి పోలేదు. అంతే.

ఆమె పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఆట జరుగుతుండగా ఎవరైనా ఫోన్ పైకెత్తితే, టార్చి తీసి సరిగ్గా ఆ ఫోన్ కంట్లోకి కొడుతుంది. నోటితో ఏమీ అనదు. ఫోటో తీసినవాడు తరవాత చూసుకుంటే అందులో సర్కసూ ఉండదు, మనుషులూ ఉండరు, ఓ తెల్లటి ముద్ద ఉంటుంది. రెండుమూడు ముద్దలు వచ్చాక ఎంతటివాడైనా విసుగెత్తి ఫోన్ జేబులో పెట్టుకుని పైకి చూస్తాడు. పైకి చూడటానికే కదా వచ్చింది అని బసవమ్మ వాదన.

ఈ పని ఆమెకు బాపట్లలో వచ్చింది. ఇరవై ఆరేళ్ల కిందటి మాట. ఊయల వదిలి గాల్లో గిరికీ కొట్టి, అవతలి ఊయల మీద తలకిందులుగా వేలాడేవాడి చేతులు ఊయలాట పిల్ల మీనాక్షి అందుకోవాలి. ముందు కుర్చీల్లో పెళ్లిఫోటోలు తీసే పెద్దమనిషొకడు సరిగ్గా ఆ క్షణాన ఫ్లాష్ కొట్టాడు. చేతికీ చేతికీ జానెడు ఎడం మిగిలిపోయింది. మీనాక్షి వల నడిమధ్యన పడలేదు, అంచున కట్టిన లావుపాటి తాడు మీద పడింది. భుజం ఎముక రెండు ముక్కలు. ఆ తాడు గట్టిగా బిగించి పట్టుకున్న పున్నారావు అరచేతుల్లో చర్మం లేచిపోయింది.

ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది. నాలుగు రోజుల తరవాత ఆ పెద్దమనిషే పాపం అనుకుని ఒక కాపీ తెచ్చి ఇచ్చాడు. గాల్లో మీనాక్షి, చాచిన రెండు చేతులు, వెలుగుకు గట్టిగా మూసుకుపోయిన కళ్లు. ఆ మూసుకున్న కళ్లను బసవమ్మ ఈనాటికీ మరిచిపోలేదు. సర్కస్ యజమాని పూర్ణచంద్రరావు ఆ వారమే నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో 'ఫోటోలు తీయరాదు' అని రాయించి గేటుకు కట్టించాడు. చీకట్లో జనానికి కుర్చీలు చూపించే బసవమ్మను పిలిచి, "బోర్డుని ఎవరూ లెక్కచెయ్యరమ్మా. నీ చేతిలో టార్చి ఉందిగా, చూసుకో" అన్నాడు. అప్పటి నుంచీ ఆమె చూసుకుంటూనే ఉంది.

ఆ పెద్దాయన పోయి మూడేళ్లు. ఇప్పుడు మేనేజరు ఆయన కొడుకు మోహనకృష్ణ. చిన్నప్పుడు ఈ గ్యాలరీ చెక్కల మీదే బసవమ్మ ఒళ్లో నిద్రపోయినవాడు. అతను మెట్లెక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కాసేపు బ్యాటరీల వంక చూశాడు.

"అత్తా, ఇవాళ్టి నుంచి ఫోటోలు తీసుకోనిద్దాం."

బసవమ్మ మధ్య బ్యాటరీని అటు తిప్పి పెట్టింది.

"గ్యాలరీ చూస్తున్నావుగా. సగం కూడా నిండట్లా. ఒక్క వీడియో నాలుగొందల మంది చూస్తే నలభై మంది వస్తారు. ఈ కాలంలో జనం చూడ్డానికి రారత్తా, తియ్యడానికే వస్తారు."

"అట్టాగైతే పిల్లల్ని ఎగరెయ్యటం దేనికి? గోడ మీద బొమ్మలు గీయించి పెట్టు. తీసుకుపోతారు."

"ఫ్లాష్ వెయ్యొద్దని మైకులో చెప్తాంలే."

"చెబితే వింటారా? కళ్లలో లైటు కొడుతుంటేనే వినటంలా."

మోహనకృష్ణ చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేది. ఖాళీ చెక్కల సంగతి అతనికంటే ఆమెకే బాగా తెలుసు. రోజూ ఆ చెక్కల మధ్య తిరిగేది తనే. అతను లేచి ప్యాంటు దులుపుకుని, ఆమె మొహం చూడకుండా అన్నాడు.

"ఆ టార్చి ఆఫీసులో ఇచ్చెయ్ అత్తా. గేటు దగ్గర స్టూలు వేయిస్తా, హాయిగా కూర్చో."

బసవమ్మ టార్చి ఇచ్చేసింది. బ్యాటరీలు మాత్రం ఇవ్వలేదు. మూడూ కొంగున ముడేసి బొడ్లో దోపుకుంది. టార్చి ఇమ్మన్నాడు, ఇచ్చింది. బ్యాటరీల మాట అతను ఎత్తలేదు.

ఆటకు గంట ముందు ఆడపిల్లల గుడారంలో మీనాక్షి ఎడంచేత్తో కరుణశ్రీకి రంగు వేస్తోంది. మీనాక్షి కుడిచెయ్యి బాపట్ల తరవాత భుజం దాటి లేవలేదు. ఆ పడిన ఆటే ఇప్పుడు కరుణశ్రీ ఆడుతుంది. ఇరవై ఏళ్ల పిల్ల, నాలుక చురుకు, పైకెక్కితే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా అయిపోతుంది. టార్చి పోయిన కబురు అప్పటికే వాళ్లకు చేరింది.

"అమ్మమ్మా, పైనుంచి నాకు నువ్వు కనపడవు తెలుసా?" అంది కరుణశ్రీ, కనురెప్ప మీద కాటుక దిద్దించుకుంటూ. "నీ టార్చి కనపడిద్ది. అది అటూ ఇటూ తిరిగి తిరిగి ఆరిపోయిద్ది చూడు, అప్పుడు కింద అంతా సర్దుకున్నట్టు. అప్పుడే నేను ఊయల పట్టుకుంటా."

ఈ సంగతి బసవమ్మకు ఇన్నేళ్లూ తెలియదు. కొంగు సవరించుకుంది. బ్యాటరీలు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి.

మీనాక్షి చేస్తున్న పని ఆపి ఆమె వంక చూసింది. "నువ్వుంటావుగా అక్కా?"

"ఎక్కడికి పోతానే?"

గేటు దగ్గరికి వచ్చేసరికి జనం బోర్డు చూసి నవ్వుతున్నారు. బసవమ్మ చదివింది మూడో తరగతి. ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. ఫో, టో, లు. తీ, య, రా... చివరి 'దు' దగ్గర ఆగిపోయింది. ఆ కొమ్ముకు తోక మొలిచింది. పక్కన ఓ నిలువు గీత, దాని కింద చుక్క.

ఫోటోలు తీయరాదూ!

కరెంటు పనీ రంగుల పనీ చూసే వెంకట్ స్తంభం దగ్గర కుంచె కడుక్కుంటున్నాడు. "కొత్త బోర్డెందుకని బాబుగారే అన్నారు పిన్నీ. ఓ దీర్ఘం పెడితే సరిపోయిద్దిగా" అన్నాడు మురిసిపోతూ.

బసవమ్మకు ఒళ్లు మండిపోయింది. వచ్చినవాళ్లను కూర్చోరాదూ, ఓ ముద్ద తినరాదూ అని బతిమాలే మాట అది. పున్నారావు జ్వరంతో మంచాన పడ్డప్పుడు కాసిని గంజినీళ్లు తాగరాదూ అని తను ఎన్నిసార్లు అందో. అంత మంచి మాటను తెచ్చి దీనికి తగిలించారు. మీనాక్షి భుజం విరిగితే రాసిన అక్షరాలకు ఇరవై ఆరేళ్ల తరవాత తోక పెట్టి ఊరందరినీ నవ్విస్తున్నారు. చిన్నప్పుడు దీర్ఘం తప్పు రాస్తే పంతులుగారు వేళ్ల మీద కొట్టేవాడు. ఇప్పుడు కొట్టేవాళ్లే లేకుండా పోయారు.

ఆమె స్టూలు మీద కూర్చోలేదు.

మధ్యాహ్నం మూడు గంటల ఆట మొదలైంది. సైకిళ్లూ, బంతులూ, బఫూన్లూ అయ్యాయి. ఫోన్లు లేస్తూనే ఉన్నాయి. చేతిలో టార్చి లేక బసవమ్మకు చెయ్యి విరిగినట్టే ఉంది. మైకులో రెండుసార్లు ఫ్లాష్ వేయవద్దన్నారు, ఆ చెప్పే మైకునే ఎవరో ఫ్లాష్ వేసి తీశారు. తరవాత డేరా తెరలు దించి చీకటి చేశారు. ఒక్క దీపం వెలుగు పైన ఊయలల మీద పడింది. కరుణశ్రీ నిచ్చెనెక్కి పై బల్ల మీద నిలబడింది. కింద వరస వరసకూ ఫోన్లు వెలిగాయి. చీకటైంది కాబట్టి చాలామంది లైట్లు కూడా వేశారు.

బసవమ్మ చీకట్లో నడిచి ముందు వరస కుర్చీల దగ్గరికి వెళ్లింది. పసుపు చొక్కా మనిషి ఫోన్ నిటారుగా ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆమె పోయి ఆ ఫోన్‌కు ఎదురుగా, మూరెడు దూరంలో నిలబడింది.

"ఏంటమ్మా అడ్డం? తీయరాదూ అని బోర్డు మీద మీరే రాశారుగా!"

"దానికి తోక లేదు బాబూ. ఇవాళ మధ్యాహ్నం మొలిచింది."

చుట్టుపక్కల నవ్వారు. బసవమ్మ నవ్వలేదు.

"నీకు ఫోటో కావాలి, అంతేగా? నన్ను తియ్యి. ముప్ఫై నాలుగేళ్ల నుంచి సర్కస్‌లో ఉన్నా, నన్నెవరూ తియ్యలా. ఆ పిల్ల జోలికి మాత్రం పోబాక. దానికి నీ ఫోన్ కంటే దాని కళ్లు అవసరం."

పక్కవాడు ఫోన్ ఎత్తాడు. ఆమె జరిగి వాడి ముందు నిలబడింది. మూడోవాడి ముందుకు పోయింది. ఆ రోజు తెనాలిలో ఎన్ని ఫోన్లలో ముదురాకుపచ్చ చీర, ముడతల మొహం, అడ్డంగా చాచిన అరచెయ్యి పడ్డాయో చెప్పలేం. కానీ వరసలు పదహారు, ఆమె ఒక్కతి. అటు ఆపితే ఇటు వెలుగుతున్నాయి. ఆఫీసు వైపు నుంచి మోహనకృష్ణ పరుగున వస్తున్నాడు.

అప్పుడు బ్యాండు మోగీ మోగీ ఆగిపోయింది. జనం పైకి చూశారు.

కరుణశ్రీ ఊయల పట్టుకోలేదు. పై బల్ల అంచున కాళ్లు వేలాడేసి, రచ్చబండ మీద కూర్చున్నట్టు తీరిగ్గా కూర్చుంది. అవతలి ఊయల మీద తలకిందులుగా వేలాడుతున్నవాడు రెండుసార్లు పిలిచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చేతులు కట్టుకుని కింద వెలుగుతున్న లైట్లకేసి చూస్తూ ఉండిపోయింది.

బసవమ్మ ఎదురుగా ఉన్న పసుపు చొక్కా మనిషి పైకి చూశాడు, ఆమెను చూశాడు. ఫోన్ లైటు ఆర్పి ఒళ్లో బోర్లా పెట్టుకున్నాడు. పక్కవాడు ఆర్పాడు. వెనక వరసలో ఒక ఆడమనిషి, "ఆపండ్రా, పిల్ల భయపడతంది" అని కేకేసింది. ఒక్కొక్కటే ఆరుతూ పోయాయి. చివరిదీ ఆరేదాకా కరుణశ్రీ కదల్లేదు.

ఆరాక లేచి నిలబడింది. ఊయల పట్టుకుంది. వదిలింది.

గాల్లో ఒక్క గిరికీ. చాచిన చేతులు, విప్పారిన కళ్లు. చెయ్యి చేతిని అందుకున్న చప్పుడు పై వరస దాకా వినిపించింది. ఎవరి దగ్గరా దాని ఫోటో లేదు. అందరి చేతులూ ఖాళీగా ఉన్నాయి కాబట్టి చప్పట్లు మాత్రం డేరా గుడ్డ అదిరేలా మోగాయి. బసవమ్మ కూడా కొట్టింది. టార్చి పట్టిన నాటి నుంచి ఆమె చప్పట్లు కొట్టడం ఇదే మొదలు.

ఆట అయ్యాక మోహనకృష్ణ గ్యాలరీ మెట్ల కింద కలిశాడు. అరవలేదు. అతని గొంతు చిన్నప్పుడు దెబ్బ తగిలినప్పటి గొంతులా ఉంది.

"నువ్వుంటే ఇక్కడ నేను మేనేజర్ని కాదత్తా. రేపల్లె క్యాంపుకు రాబాక."

"రేపల్లె దాకా ఎందుకు అబ్బాయ్. నగరంలో చెల్లెలుంది, సాయంత్రం బండికి పోతా."

ఆమె అతని చెంప మీద చెయ్యి వేసి, తీసేసి, వెళ్లిపోయింది.

సర్దుకోవడానికి ఎంతసేపు? రెండు చీరలు, పున్నారావు వాడిన సన్న తాడుచుట్ట, దువ్వెన. గుడారం బయట మీనాక్షి నిలబడి ఉంది, కళ్లు తుడుచుకోకుండా. బసవమ్మ కొంగు ముడి విప్పి బ్యాటరీలు మూడూ ఆమె ఎడంచేతిలో పోసింది.

"టార్చి ఆఫీసు సొరుగులో ఉంది. ఎడంచేత్తో నొక్కినా వెలుగుద్దే. పిల్ల పైనుంచి చూసుకుంటా ఉంటది."

మీనాక్షి వేళ్లు వాటి చుట్టూ గట్టిగా బిగుసుకున్నాయి.

గేటు దగ్గర తనకోసం వేసిన స్టూలు అలాగే ఉంది. స్తంభం మొదట్లో వెంకట్ మరిచిపోయిన టర్పెంటైన్ డబ్బా. బసవమ్మ సంచి కింద పెట్టి, స్టూలెక్కి, కొంగు చివర డబ్బాలో ముంచి తుడిచింది. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఇరవై ఆరేళ్ల నాటి కొమ్ము రేకును పట్టుకుని కదల్లేదు, మధ్యాహ్నం మొలిచిన తోక మాత్రం రెండు రుద్దులకే ఊడి కొంగుకు అంటుకుంది. పక్కనున్న నిలువు గీతను కూడా తుడవబోయి చెయ్యి ఆపింది. కాస్త వెనక్కి వంగి చూసింది. తోక పోయాక ఆ గీత పంతులుగారు ఎత్తి పట్టుకున్న బెత్తంలా ఉంది. ఉండనీలే అనుకుని స్టూలు దిగి, సంచి భుజాన వేసుకుని స్టేషన్ వైపు నడిచింది.

ఆరు గంటల ఆటకు జనం అప్పుడే గేటు దగ్గర పోగవుతున్నారు. వాళ్ల తలల పైన, నీలం రేకు మీద, ఆరీ ఆరని తెల్ల గీతతో బోర్డు వేలాడుతోంది: ఫోటోలు తీయరాదు!