రైల్లో రెండో ఆవిడ

రచయిత రోజూ పొద్దున్నే ముందు గదిలో కూర్చుని రాసేవాడు. కోడి కెలికినట్టుండే ఆ రాతని వాళ్లక్క వంటింటి బల్ల దగ్గర ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసేది. మొగుడు వదిలేశాక ఆరేళ్లుగా ఆవిడకి అదే పని. ఇంటికెవరైనా వస్తే మాత్రం సామాన్ల గదిలోకి వెళ్లిపోయేది. మొదట్లో తల్లి "కాస్త లోపలికెళ్లవే" అనేది. పోనుపోను గేటు చప్పుడైతే చాలు, తనే లేచేది.

ఏ నవల పూర్తయినా అందులోని ఆడమనిషి బయటికొచ్చి ఆ ఇంట్లో నాలుగు రోజులుండి, మళ్లీ కాగితాల్లోకి వెళ్లిపోవడం మామూలే. తల్లి ఇంకో కంచం పెట్టేది, అంతే.

ఈసారి నవల్లో ఆవిడని పుట్టింటివాళ్లే నలుగురి ముందుకీ రానివ్వరు. చివరికి ఒంటరిగా రైలెక్కి, దారిలోనే ప్రాణం వదులుతుంది. ఆవిడ గురువారం మధ్యాహ్నం వచ్చింది.

"ఎన్నాళ్లుంటావమ్మా?" అంది తల్లి.

"అచ్చుకి వెళ్లేదాకా."

మర్నాడు ప్రచురణకర్త భార్యతో సహా వచ్చాడు. అక్క సామాన్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నవల్లో ఆవిడ మాత్రం కదల్లేదు. ప్రచురణకర్త గబుక్కున లేచి తన కుర్చీ ఆవిడకిచ్చాడు. ముందే కొన్ని అధ్యాయాలు చదివిన అతని భార్య ఆవిడ చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది.

"ఆడవాళ్ల కష్టం మీకింత బాగా ఎలా తెలిసిందండీ?" అని రచయితనడిగింది.

అతను వినయంగా నవ్వి ఏదో చెప్పబోయాడు.

"ఆ మాటలన్నీ ఈయన అక్కయ్యగారివమ్మా," అంది నవల్లో ఆవిడ. "తనలో తను అనుకుంటుంటే ఈయన తలుపు పక్కన నిలబడి రాసుకున్నారు."

"మీకు అక్కయ్య ఉన్నారా?" ఆశ్చర్యపోయాడు ప్రచురణకర్త. "మీరొక్కరే అనుకున్నానే!"

రచయితకి తల కొట్టేసినట్టయింది.

"ఊళ్లో లేదండీ," అంది తల్లి, తడుముకోకుండా.

రచయిత తల దించుకుని బల్ల మీది కాగితాలు లెక్కపెట్టసాగాడు. సామాన్ల గదిలో ఏదో సర్దుతున్న చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

వాళ్లు వెళ్లాక తలుపు తట్టాడు. "అక్కా, తలుపు తియ్యి."

"తర్వాత తీస్తాలేరా. నువ్వు భోంచెయ్యి."

ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బావుండేదనిపించింది అతనికి.

మర్నాడు ప్రెస్సుకి కాగితాలు పంపి ఇల్లు చేరేసరికి ఇద్దరూ లేరు. తల్లి ఖాళీ కంచాల ముందు కూర్చుని ఉంది.

"కలిసే వెళ్లారు. మీ అక్క నాకు చెప్పే వెళ్లింది."

"మరి ఆపలేదా?"

"ఏ మొహం పెట్టుకుని ఆపమంటావురా?"

నెల తర్వాత ప్రచురణకర్త ప్రూఫులు పట్టుకుని సంబరంగా వచ్చాడు.

"చివర భలే మార్చారండీ! రైల్లో ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఎవరూ చావలేదు. ఏదో చిన్న స్టేషన్లో దిగారు, గది అద్దెకి తీసుకున్నారు, పగలబడి నవ్వుకుంటున్నారు. అంతా బావుంది గానీ, ఈ రెండో ఆవిడెవరో ఎక్కడా చెప్పలేదేమిటి?"

రచయిత ఆ పేజీ తీసుకుని రెండుసార్లు చదివాడు. అందులో ఒక్క ముక్క కూడా తను రాసింది కాదు.

"మా అక్కండీ," అన్నాడు తలెత్తకుండా. "ఆవేళ మీరొచ్చినప్పుడు ఇంట్లోనే ఉంది."