ఎముక పక్క వాసన

కెంటకీ కొండల్లో ఆ చుట్టుపక్కల ఎల్వుడ్ ప్రూయిట్ మాటకు తిరుగులేదు. ఉప్పు పట్టించి, పొగబెట్టి, ఏడాదిన్నర వేలాడదీసిన పంది తొడ లోపల చెడిందో లేదో పైకి చూస్తే ఎవరికి తెలుస్తుంది? ఎవరు పిలిస్తే వాళ్లింటికెళ్లి, ఎముక పక్కన సన్నటి ఇనప సూది దించి, బయటికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని ఎల్వుడ్ బాగుందన్నాడంటే బాగున్నట్టే. ఆ తర్వాత ఇంట్లో ఇంకెవరైనా వాసన చూస్తే ఆయన్ని అవమానించినట్టు. నలభై ఏళ్లుగా అదే మర్యాద. ఏం మర్యాదో ఏమో!

ఆ మహానుభావుడికి జనవరిలో జ్వరం వచ్చి ముక్కు పనిచేయడం మానేసింది. కాఫీ వాసన లేదు, కిరసనాయిలు వాసన లేదు. రేపో మాపో తిరిగొస్తుందిలే అనుకుంటూ ఎవరికీ చెప్పకుండా ఏప్రిల్ దాకా ఈడ్చుకొచ్చాడు.

ఇవాళ ఈస్టర్ భోజనం. మనవరాలు కొరీన్ ఏడో నెల కడుపుతో, మొగుణ్ణీ అత్తమామల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. రెండు రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెట్టిన తొడని నిన్ననే ఉడకబెట్టారు. పొద్దున చర్చి నుంచి రాగానే ఎల్వుడ్ తోలు ఒలిచి, కొవ్వు మీద కత్తితో గళ్లు గీసి, గడికో లవంగం గుచ్చాడు. తీపిజొన్న పాకంలో ఆవపిండి కలిపి కుంచెతో పూస్తుంటే ధ్యాస ఎక్కడో ఉండి సగం పాకం చొక్కా మీద కారింది. నానబెట్టే ముందు భార్య ఎదుట సూది వాసన చూసినట్టు నటించి బాగుందనేశాడు మరి. ఎముక దగ్గర చెడి ఉంటే? ఆ కడుపుతో ఉన్న పిల్ల తింటే?

ఓవెన్‌లో పెట్టి, పావుగంటకోసారి తీసి మళ్లీ పాకం పూశాడు. పూత ఎర్రగా నిగనిగలాడింది. ముందు గదిలోంచి కొరీన్ మామగారు ఏం ఘుమఘుమ అని మెచ్చుకున్నాడు. ఎల్వుడ్‌కి ఆ ఘుమఘుమ కూడా తెలియలేదు.

పళ్లెం కోసం వచ్చిన భార్య వెర్నాని ఆపి వంటింటి తలుపు మూశాడు.

"నాకు వాసన తెలీడం లేదే. జనవరి నుంచీ."

వెర్నా వెంటనే కత్తి తీసుకుని, ఆయన అంతసేపు పూసిన పూతని చీల్చుకుంటూ ఎముక దాకా కోసింది. వంగి ఒకసారి వాసన చూసింది. నమ్మకం చాలక మళ్లీ చూసింది. ఎల్వుడ్ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"బాగానే ఉంది. నీ మొహం మండా, చెప్పడానికేం రోగం నీకు?"

ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో కూలబడి పిచ్చివాడిలా నవ్వాడు. కళ్లెంట నీళ్లు కూడా కారాయి. వెర్నా మాత్రం నవ్వలేదు, కత్తి కింద పెట్టలేదు.

"మరి ఈస్టర్ తొడలకని ఈ నెల్లో ఎన్నిళ్లకెళ్లి చూసొచ్చావు?"

ఆరిళ్లు. నవ్వు అక్కడికక్కడే చచ్చిపోయింది. ఆ ఊళ్లో ఈస్టర్ భోజనానికి అందరూ ఒంటిగంటకే కూర్చుంటారు. గోడ గడియారంలో పన్నెండూ నలభై అయింది.

ఫోను దగ్గరికి నడిచాడు. నలభై ఏళ్ల పరువు కాసేపట్లో గంగలో కలుస్తుందని తెలుసు. అయినా నంబరు తిప్పాడు. మొదటి ఇంట్లో ఇంకా కొయ్యలేదు. ఆయన చెప్పింది విని, ఆ ఇల్లాలు వెళ్లి కోసి చూసొచ్చి, బాగుందని ఒక్క ముక్క అని ఠక్కున పెట్టేసింది. రెండో ఇంటాయన తిట్టాడు. తిడితే తిట్టాడు, వాళ్లదీ బాగానే ఉంది.

మూడో ఇల్లు నెల్డా రాట్లిఫ్‌ది. తమ్ముడు మిలటరీకి తిరిగెళ్లే బస్సు అందుకోవాలని ముందే తినేశామనీ, తొడ అద్భుతంగా కుదిరిందనీ ఆవిడ సంబరంగా చెప్పుకుపోతోంది. ఎల్వుడ్ ఆవిణ్ణి ఆపి విషయం చెప్పాడు.

"ఎంతమంది తిన్నారమ్మా?" అన్నాడు.

"పదకొండు మందిమి. ఎముక దగ్గర కొంచెం పులిసిన వాసనేసింది బాబాయ్. నాకు తెలిసింది. కానీ నువ్వు చూసి చెప్పావు కదా, నా ముక్కుదే తప్పనుకున్నా. పిల్లలకి రెండోసారి కూడా వడ్డించా."