చప్పిడి ముక్కు సంబంధం

కుక్కపిల్లలమ్మే మృత్యుంజయ మళ్ళీ వచ్చి కూర్చున్నప్పుడే రాజలక్ష్మికి అనుమానం పుట్టింది. పెళ్ళిసంబంధాలు చూసేవాళ్ళు కూడా ఇంతగా తిరగరు. ఆండర్సన్‌పేటలో టీచరుగా పనిచేస్తున్న ఆమె, బంటీ అనే పగ్ కుక్కను అతని దగ్గరే కొన్నది. ఇప్పుడు దాన్ని తన ఆడకుక్కతో కలపాలని అతని పట్టు.

"ఇంత అణిగిన మొగం మన జిల్లాలోనే లేదు మేడం. ముక్కు ఉండాదా లేదా అన్నట్టుండాది!"

బంటీ సోఫా కింద గురగురమంటూ పడుకుంది. గేటు దాకా నడిస్తే చాలు, దాని నాలుక నీలంగా మారిపోతుంది.

"దీనికి ఊపిరాడడంలేదు మృత్యుంజయా."

"పగ్గులన్నీ అంతే మేడం. ఆ గురకే వాటికి అందం."

"సరే, ఆ ఆడది యాడిది?"

"బెంగళూరు నుంచి తెచ్చినాను."

"దాని తల్లికీ ఇట్లాగే గురక ఉన్నిందా?"

అతను ఫోను తీసి చూసుకున్నాడు. "తల్లినా? దాన్ని ఎవరికో ఇచ్చేసినాను మేడం."

అతను వెళ్ళిపోయాక ఆ మాట ఆమెను వదల్లేదు. బెంగళూరు నుంచి తెచ్చిన కుక్కకు తల్లిని ఇతనెట్లా ఇచ్చేస్తాడు?

ఆదివారం చెప్పాపెట్టకుండా అతని ఊరు బేతమంగళకు బస్సెక్కింది. అతను కుక్కలను ఉంచిన రేకుల షెడ్డు ఊరి చివర ఉంది. తలుపు తియ్యకముందే లోపలినుంచి బంటీ గురకలాంటిదే వినబడింది. కుక్కలకు అన్నం పెట్టే మునివెంకటమ్మ, ఎవరో కొనడానికి వచ్చారనుకుని లోపలికి తీసుకెళ్ళింది. మూలన ఒక ఆడకుక్క నోరు తెరుచుకుని రొప్పుతోంది. అదే ముఖం, రొమ్ము మీద బంటీకున్న తెల్లమచ్చే.

"ఇది యాడిదమ్మా?" అంది రాజలక్ష్మి.

"ఈడ పుట్టిందేమ్మా. దీంతో పుట్టిన మగదాన్ని ఆండర్సన్‌పేట టీచరమ్మ కొనుక్కపోయింది. తల్లి మళ్ళీ ఈనేటప్పుడు పోయింది, పాపం. పిల్లల తలకాయలు పెద్దవి, బయటికి రాలేదు."

అప్పుడే మృత్యుంజయ బండి దిగాడు.

"అన్నాచెల్లెళ్ళకా సంబంధం కలుపుతా ఉండావు?" అంది రాజలక్ష్మి.

అతను తడబడలేదు. "ఈ మొగం నిలబడాలంటే ఆ రక్తమే కలపాల మేడం. వచ్చినోళ్ళంతా ఏమడుగుతారు? ఇంగా అణిగింది చూపించమంటారు. మీరు ఏది ఏరుకున్నారు?"

ఆమెకు బంటీని కొన్న రోజు గుర్తొచ్చింది. ఆ రోజు అతను ఇంటికి తెచ్చిన పిల్లలన్నిటినీ పక్కపక్కన పెట్టించి, ఏది ఎక్కువ చప్పిడిగా ఉంటే దాన్నే ఒళ్ళోకి తీసుకుంది.

తిరిగొచ్చిన వారమే బంటీని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ముక్కురంధ్రాలు వెడల్పు చేయించింది. ఇక ఏ సంబంధమూ అడగడానికి లేకుండా ఇంకో ఆపరేషనూ చేయించింది. బంటీ చెల్లెలినీ తనకే అమ్మమని మృత్యుంజయకు ఫోను చేస్తే, "అది అమ్ముడుపోయింది మేడం" అన్నాడు.

ఆమె నమ్మలేదు. నెలన్నరకు వీలు చూసుకుని మళ్ళీ బేతమంగళ వెళ్ళింది. కుక్క అక్కడే ఉంది. అప్పటికే వేరే మగకుక్కతో కలిపారు, కడుపుతో ఉంది.

"నొప్పులొస్తే ఆయన కోసం చూడొద్దమ్మా. నాకు ఫోను చెయ్యి," అని మునివెంకటమ్మకు తన నంబరిచ్చి వచ్చింది.

ఫోను ఒక మధ్యాహ్నం వచ్చింది. రాజలక్ష్మి బడికి సెలవు చెప్పి ఆటోలో పరుగెత్తింది. షెడ్డు నుంచి డాక్టరు దగ్గరికి దారి పొడుగునా కుక్క ఆమె ఒళ్ళో రొప్పుతూనే ఉంది. డాక్టరు కడుపు కోసి పిల్లల్ని తీశాడు. ఒక్కటే బతికింది. తల్లి కూడా గట్టెక్కింది.

సాయంత్రానికి మృత్యుంజయ ఆస్పత్రికి వచ్చాడు. మత్తులో పడుకున్న తల్లిని దాటుకుని, రాజలక్ష్మి చేతిలోని తువ్వాలు మూట దగ్గరికి వచ్చి వంగాడు.

"మొగమెట్లుండాది మేడం?"

రాజలక్ష్మి తువ్వాలు అంచు పిల్ల మీదికి లాగి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.